పుక్కిలిస్తే పోయేవెన్ని, పోనివెన్ని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మౌత్‌వాష్ గురించినవే ఎక్కువ. ఒకదానిలో చాలామంది సందేహాలు కలిసి ఉన్నాయి కాబట్టి దానికి వివరంగా రాస్తున్నాను. మిగతా మూడింటికి క్లుప్తంగా.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. టీచర్‌ని. పిల్లలకు దగ్గరగా నిలబడి మాట్లాడాలి కాబట్టి నోటి వాసన గురించి ఎప్పుడూ టెన్షనే. రెండేళ్లుగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మౌత్‌వాష్ వాడుతున్నాను. 99.9 శాతం క్రిములు చస్తాయని సీసా మీద ఉంది. అయినా కొన్ని గంటలకే మళ్లీ వాసన వస్తోంది. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఆరు నెలలుగా రాత్రి బ్రష్ మానేసి, మౌత్‌వాష్‌తోనే సరిపెడుతున్నాను. ఇప్పుడు రక్తం ఇంకా ఎక్కువైంది. పైగా ఇది మంచి బ్యాక్టీరియాను కూడా చంపి బీపీ పెంచుతుందని ఎవరో చెప్పారు. మా వారికి బీపీ ఉంది, ఆయనా ఇదే వాడతారు. క్రిములన్నీ చస్తుంటే నా నోరెందుకు బాగుపడటం లేదు? సీసా పారేయమంటారా?

జవాబు: అమ్మా, సీసా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రాత్రి నుంచే బ్రష్ మళ్లీ మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ ఆరు నెలల మాటే. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంటే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం. రక్తం చూసి భయపడి మనం బ్రష్ ఆపుతాం. ఆపితే పాచి ఇంకా పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది. మీకు జరిగింది ఇదే. 26 ఏళ్లుగా ఇదే క్రమం వందల నోళ్లలో చూశాను. ఇందులో మీ తప్పేమీ లేదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి వేయకూడదనుకోవడం సహజమే. చిగురు విషయంలో మాత్రం అది ఎదురు తిరుగుతుంది.

ఇక ఆ 99.9 సంగతి. ఆ అంకె ప్రయోగశాలలో పుట్టింది. గాజు గొట్టంలో ద్రవంలో విడివిడిగా తేలుతున్న బ్యాక్టీరియా మీద మందు పోసి, 30 సెకన్ల తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెడతారు. అలా తేలుతున్నవాటిని మౌత్‌వాష్ బాగానే చంపుతుంది, ఆ మాట నిజమే. నోట్లో ఉమ్మితో పాటు తేలేవి కూడా చాలావరకు చస్తాయి. అయితే ఒక మిల్లీలీటరు ఉమ్మిలో దాదాపు 10 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. అందులో 99.9 శాతం పోయినా లక్ష మిగులుతాయి. వాటికి తడి, వెచ్చదనం, మనం తినే ప్రతి ముద్దలో వాటా అన్నీ ఉన్నాయి. కొన్ని గంటల్లో మళ్లీ పెరుగుతాయి. మౌత్‌వాష్ ఇచ్చిన తాజాదనం మధ్యలోనే చెల్లిపోవడానికి ఒక కారణం ఇదే.

అసలు చిక్కు మాత్రం తేలేవాటితో కాదు. మనకు హాని చేసేవి పంటిని అంటుకుని ఉంటాయి. పళ్లు ఎంత శుభ్రంగా తోమినా కొన్ని నిమిషాల్లోనే ఉమ్మిలోని ప్రొటీన్లు పంటి మీద కంటికి కనపడని పొరలా పరుచుకుంటాయి. ముందుగా స్ట్రెప్టోకాకస్ జాతివి వచ్చి ఆ పొరకు అతుక్కుంటాయి. వాటి మీద మరికొన్ని, వాటి మీద ఇంకొన్ని. ఫ్యూసోబ్యాక్టీరియం అనే పొడవాటి పుల్లలాంటి బ్యాక్టీరియా ముందొచ్చినవాటికీ వెనకొచ్చినవాటికీ మధ్య వంతెనలా నిలబడుతుంది. తమ చుట్టూ అవే జిగురు తయారు చేసుకుంటాయి. పళ్లు పుచ్చడానికి ముఖ్య కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అయితే మనం తినే చక్కెరనే జిగురుగా మార్చేస్తుంది. ఇదంతా కలిస్తే మనం పాచి అనేది. వేలితో పంటిని రాస్తే జారుడుగా తగులుతుందే, అదే. ఈ జిగురులోపల ఉన్న బ్యాక్టీరియా విడిగా తేలేవాటికంటే మందులను ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. మందు పైపొరలోనే ఖర్చయిపోతుంది, అడుగుకు చేరేలోపు మీరు ఉమ్మేస్తారు.

దీన్ని నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, కంటితో చూసి నమ్మాను. పీజీ చదివేటప్పుడు ఒకరోజు మా ప్రొఫెసర్ మేడమ్ నన్ను నిమిషంపాటు క్లోర్‌హెక్సిడిన్‌తో, అంటే దంతవైద్యులు రాసిచ్చే క్రిములను చంపే మౌత్‌వాష్ మందుతో, పుక్కిలించమన్నారు. ఆ వెంటనే నా కింది దవడ చివరి పన్ను దగ్గర, చిగురు అంచు కింద నుంచి సూదిమొనంత పాచి గీసి, చుక్క నీటితో స్లైడ్ మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద నన్నే చూడమన్నారు. అక్కడక్కడా కదలకుండా పడి ఉన్నవి కనిపించాయి. ముద్ద మధ్యలో మాత్రం స్ప్రింగుల్లా మెలికలు తిరిగే సన్నటి జీవులు, అటూ ఇటూ దూసుకుపోయే పుల్లలు, సంతలో జనంలా. నోరంతా మందు ఘాటుతో చుర్రుమంటోంది, అవి మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మూడు వందల ఏళ్లకు ముందే ఇదే ప్రయోగం చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారం చేసే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తాను స్వయంగా అరగదీసుకున్న కటకంతో తన పళ్ల మధ్య పాచిని చూసి, అందులో చిన్న చిన్న జీవులు కదులుతున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు తోముకునేవాడు. అయినా పాచి ఉంది. వెనిగర్‌తో పుక్కిలించి మళ్లీ చూశాడు. పైన ఉన్నవి చచ్చాయి కానీ ముద్ద లోపలివి చావలేదని, వెనిగర్ లోపలికంటా దిగలేదని గమనించాడు. బ్యాక్టీరియా అనే మాట కూడా అప్పటికి పుట్టలేదు. ఈ కాలమ్‌లో నేను ఇన్ని మాటల్లో చెబుతున్నది ఆయన అప్పుడే కనిపెట్టాడు.

ఇప్పుడు చిగురు కిందికి వద్దాం. పంటికీ చిగురుకీ మధ్య చిన్న సందు అందరికీ ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. చిగురు వాచి, జబ్బు ముదిరి పన్ను నుంచి ఊడుతున్నకొద్దీ ఆ సందు 4, 5, 6 మిల్లీమీటర్ల సంచిలా మారుతుంది. అక్కడ గాలి ఆడదు. గాలి పడని బ్యాక్టీరియాకు అంతకంటే మంచి చోటు లేదు. చిగుళ్ల జబ్బు ముదిరిన చోట తరచూ కలిసి కనిపించేవి మూడు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానరెల్లా ఫోర్సీథియా, ట్రెపోనీమా డెంటికోలా. 1998లో సాక్రాన్‌స్కీ అనే పరిశోధకుడి బృందం ఈ మూడింటినీ ఎర్ర గుంపు అని పేరు పెట్టి విడదీసింది. నేను మైక్రోస్కోప్‌లో చూసిన స్ప్రింగులు ఆ ట్రెపోనీమా తరహావే. వీటిలో పోర్ఫిరోమోనాస్‌కు బతకడానికి ఇనుము కావాలి. దాన్ని అది మన రక్తం నుంచే తీసుకుంటుంది. అంటే చిగురు నుంచి రక్తం కారుతున్నన్నాళ్లూ దానికి మనమే తిండి పెడుతున్నట్టు. బుగ్గలు ఎంత ఊపి పుక్కిలించినా మౌత్‌వాష్ ఆ సంచి అడుక్కి దిగదు. అందుకే ఇంతమందికి మూడుపూటలా మౌత్‌వాష్ వాడుతూనే చిగుళ్లు పాడవుతాయి. నోరు మంచి వాసన వస్తుంటుంది కాబట్టి జబ్బు పెరుగుతున్నట్టు తెలియదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

అలాగని మౌత్‌వాష్ పనికిరానిదని నేను అనను. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే డాక్టర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు తోమడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే తగ్గాయి. పాచే చిగుళ్ల వాపుకు కారణమని అంత స్పష్టంగా తేలింది అప్పుడే. తర్వాత 1970లో అదే హరాల్డ్ లో గారు, షియాట్ అనే మరో పరిశోధకుడితో కలిసి, పళ్లు తోమని వాళ్లకు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు పుక్కిలించడానికి ఇచ్చారు. పాచి పట్టలేదు, చిగుళ్లు వాయలేదు.

మీరు అడగొచ్చు, మరి నాకెందుకు పనిచేయలేదని. ఆ ప్రయోగం శుభ్రమైన పళ్లతో మొదలైంది. పాచి లేని పంటి మీద కొత్తగా పాచి కట్టకుండా క్లోర్‌హెక్సిడిన్ ఆపగలదు. దానికి ధనావేశం ఉంటుంది కాబట్టి పంటి మీద, బుగ్గల లోపల పొర మీద అతుక్కుపోయి, సుమారు 12 గంటలపాటు కొద్దికొద్దిగా విడుదలవుతూ కాపలా కాస్తుంది. అప్పటికే కట్టేసిన పాచిని కరిగించే శక్తి దానికి లేదు. ఆ పాచి గట్టిపడి గారగా మారాక అసలే లేదు. గారను పరికరంతో గీకి తీయాల్సిందే. ఆ తర్వాత పుక్కిలిస్తే మందుకు విలువ. వరస తప్పితే డబ్బు ఉమ్మేసినట్టే.

ఇంకోమాట, మీరు వాడుతున్నది క్లోర్‌హెక్సిడిన్ కాకపోవచ్చు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్ లాంటి నూనెలు ఉంటే ఒకరకం. సెటిల్‌పిరిడినియం క్లోరైడ్ అని ఉంటే మరోరకం. ఈ రెండూ బ్రష్‌కు తోడుగా పాచిని కొంత తగ్గిస్తాయి. సోడియం ఫ్లోరైడ్ ఉంటే అది పళ్లు పుచ్చకుండా కాపాడటానికి, చిగుళ్ల కోసం కాదు.

వాసన విషయం. ఎక్కువమందిలో నోటి వాసన నాలుక వెనకభాగం నుంచి, చిగుళ్ల సందుల నుంచి వస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ప్రొటీన్లను విరగ్గొట్టి గంధకం ఉన్న వాయువులు వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో ఒకటి. నాలుకను వెనక నుంచి ముందుకు మెల్లగా గీసుకుంటే, చిగుళ్లు బాగుపడితే, ఈ వాసన చాలావరకు పోతుంది. గంటలకొద్దీ పాఠం చెప్పేవాళ్లకు నోరు ఎండిపోతుంది కూడా. ఉమ్మి తగ్గితే వాసన పెరుగుతుంది. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య రెండు గుక్కలు నీళ్లు తాగండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నోరు ఎండినట్టు అనిపించేలా చేస్తుంది కాబట్టి మీకు అది వద్దు.

ఇక బీపీ. మీకు చెప్పినవాళ్లు ఉత్తినే చెప్పలేదు, కాస్త పెద్దది చేసి చెప్పారు. ఆకుకూరల్లో, బీట్‌రూట్‌లో నైట్రేట్ ఉంటుంది. అది రక్తంలో కలిశాక అందులో నాలుగో వంతును లాలాజల గ్రంథులు లాగి మళ్లీ నోట్లోకి వదులుతాయి. నాలుక మీద ఉండే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఈ పని మన ఒంటికి సొంతంగా దాదాపు చేతకాదు, వాటి సాయం కావాలి. ఆ నైట్రైట్ మింగాక నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనుగొన్నందుకే 1998లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. 2013లో లండన్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 19 మందికి ఏడు రోజులు క్లోర్‌హెక్సిడిన్ ఇస్తే, నోట్లో నైట్రైట్ తయారీ దాదాపు 90 శాతం పడిపోయింది. బీపీ 2 నుంచి 3.5 పాయింట్లు పెరిగింది. 2020లో 36 మంది మీద చేసిన మరో పరిశోధనలో వారం రోజుల క్లోర్‌హెక్సిడిన్ తర్వాత లాలాజలంలో ఆమ్లగుణం పెరిగింది. పుచ్చు పళ్లకు అది మంచిది కాదు.

ఇవి చిన్న పరిశోధనలు, క్లోర్‌హెక్సిడిన్ మీద చేసినవి. వీటిని చూసి మీ వారు భయపడనక్కర్లేదు, బీపీ మాత్రల్లో ఏ మార్పూ చేయకూడదు. కానీ చిగుళ్ల జబ్బు లేని మనిషి, ఏ డాక్టరూ చెప్పకుండా, ఏళ్ల తరబడి రోజూ క్రిములను చంపే మౌత్‌వాష్ వాడటం నాకు ఇష్టం లేదు. ఆయన సీసా మీద క్లోర్‌హెక్సిడిన్ అని ఉంటే ఆపేయమనండి. పొద్దునా రాత్రీ ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేస్తే ఆయనకు చాలు.

మీరు చేయాల్సింది చెబుతాను. మెత్తటి బ్రష్ తీసుకుని, కుచ్చును చిగురు అంచు మీద 45 డిగ్రీల వాలులో పెట్టి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమండి. మొదట్లో రక్తం వస్తుంది, రానివ్వండి. వాపు కొత్తదైతే వారం పదిరోజుల్లో మీకే తేడా తెలుస్తుంది. పళ్ల సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. ఈ నెలలోనే దంతవైద్యుల దగ్గరకు వెళ్లి, సందుల లోతు కొలిచి చూడమని అడగండి, గార ఉంటే తీయించుకోండి. క్లీనింగ్ చేస్తే పళ్లు కదులుతాయని చాలామంది అంటారు. గార వెనక అప్పటికే వదులైన పన్ను, గార తీశాక బయటపడుతుంది తప్ప క్లీనింగ్ వల్ల కదలదు. క్లీనింగ్ తర్వాత డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ రాస్తే, చెప్పినన్ని రోజులే వాడండి. మామూలుగా రెండు వారాలు దాటదు. బ్రష్ చేసిన వెంటనే వాడొద్దు. పేస్టులో నురగ కోసం కలిపే పదార్థం దాన్ని పనిచేయనివ్వదు, అరగంటైనా ఆగండి. ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ ఉంటే చిగుళ్లు తొందరగా మానవు, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులో ఉండదు.

ప్రశ్న: చిగుళ్ల ఆపరేషన్ తర్వాత మౌత్‌వాష్ రాసిచ్చారు. నాలుగు నెలలుగా వాడుతున్నాను. పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, రుచి తెలియడం లేదు. పళ్లు పాడైపోయాయా?

జవాబు: లేదండీ, కంగారుపడకండి. అది క్లోర్‌హెక్సిడిన్ మరక. టీ, కాఫీ లాంటివాటిలోని రంగు పదార్థాలు దానితో కలిసి పంటి పైన పేరుకుంటాయి. పన్ను లోపలికి దిగదు, పాలిషింగ్‌తో పోతుంది. మందు ఆపాక రుచి కూడా తిరిగి వస్తుంది. ఈరోజే ఆపి, మీ డాక్టర్‌కు చూపించండి.

నేను ప్రాక్టీస్ పెట్టిన మొదటి ఏడాది ఒక పెద్దాయనకు ఇదే మందు రాశాను. ఎన్నాళ్లు వాడాలో నోటితో చెప్పానో లేదో గుర్తులేదు, చీటీ మీద మాత్రం రాయలేదు. మంచి మందు కదా అని ఆయన ఎనిమిది నెలలు వాడి, నల్లబడ్డ పళ్లతో వచ్చారు. మనవరాలి పెళ్లి ఫొటోల్లో నోరు మూసుకునే నిలబడ్డానని చెప్పారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి ఈ మందు రాసిన ప్రతి చీటీ మీద ఆపాల్సిన తేదీ రాసి, కింద గీత గీస్తాను. మీ చీటీ మీద అలాంటి తేదీ లేకపోతే అడిగి రాయించుకోండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. నేను పుక్కిలిస్తుంటే తనకూ కావాలని ఏడుస్తాడు. పిల్లల మౌత్‌వాష్ ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆరేళ్లలోపు పిల్లలకు నోట్లో పోసింది పూర్తిగా ఉమ్మడం రాదు, మింగేస్తారు. ఆ వయసులో బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే దగ్గరుండి తోమండి. ఏడుపు మాన్పించడానికి వాడి గ్లాసులో మంచినీళ్లు పోసివ్వండి. ఉమ్మడం కూడా దానితోనే నేర్చుకుంటాడు. మీ సీసా మాత్రం వాడికి అందని ఎత్తులో పెట్టండి, చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది.

ప్రశ్న: నిన్న పన్ను తీయించుకున్నాను. ఇన్ఫెక్షన్ రాకుండా మౌత్‌వాష్‌తో గట్టిగా పుక్కిలించమని ఇంట్లోవాళ్లు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం అచ్చయ్యేసరికి మీ పుండు మానిపోయే ఉంటుంది. అయినా మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. పన్ను తీసిన మొదటి 24 గంటలు దేనితోనూ పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గుంతలో గడ్డకట్టిన రక్తమే ఎముకకు మూత. అది ఊడిపోతే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. మరుసటి రోజు నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తలను అటూ ఇటూ వంచి, నీళ్లను వాటంతట అవే జారనివ్వాలి. మిగతా పళ్లు మామూలుగానే తోమాలి. మూడో రోజుకు తగ్గాల్సిన నొప్పి పెరుగుతూ చెవి వైపు పాకుతుంటే, ఏ సీసా మూతా తీయకుండా అదే రోజు మీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి.